పాత పికప్ క్లచ్ పెడల్ ఇబ్బంది పెడుతోందా? నట్టు తిప్పే ముందు ఇది చూడండి

కూరగాయల ట్రేలు, పాల క్యాన్లు, సిమెంటు బస్తాలు మోసే పాత పికప్ బండి మీకుంటే ఈరోజు వీడియో మీకోసమే. ట్రాఫిక్‌లో గంట నడిపేసరికి ఎడమ మోకాలు లాగేస్తోందా? అయితే చివరిదాకా చూడండి.

"అన్నా, పెడల్ ఇబ్బందిగా ఉంది, కాస్త బిగించు" అని చాలామంది వస్తారు. నేను స్పానర్ పట్టుకునే ముందు ఒకటే అడుగుతా: ఇబ్బంది అంటే ఏంటి? తొక్కడానికి బరువుగా ఉందా? కాలు తీస్తుంటే మరీ పైకొచ్చాక పట్టుకుంటోందా? లేక కింద నేల దగ్గరే పట్టుకుంటోందా? ఈ మూడూ వేరు వేరు జబ్బులు. మూడింటికీ ఒకే మందు వేస్తే కుదరదు.

ముందు ఖర్చు లేని పని. పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు కూడా మోకాలు కొంచెం వంగి ఉండాలి. అలా లేకపోతే సీటు ముందుకు జరపండి. మ్యాట్ మీద మ్యాట్ వేసి ఉంటే పైది తీసేయండి. పెడల్ కిందిదాకా వెళ్లకపోవడానికి అదే కారణం కావచ్చు.

ఇప్పుడు అసలు విషయం, ఫ్రీ ప్లే. పెడల్‌ని వేలితో నొక్కితే మొదట కొంచెం దూరం ఖాళీగా వెళ్తుంది, తర్వాతే బరువు తగులుతుంది. ఆ ఖాళీనే ప్లే అంటాం. కేబుల్ ఉన్న చాలా పాత బండ్లలో అది సుమారు 15 నుంచి 25 మిల్లీమీటర్లు ఉంటుంది. మీ బండి మాన్యువల్‌లో ఏ అంకె ఉంటే అదే ఫైనల్. పెడల్ పక్కన స్టీల్ స్కేలు పెట్టి కొలవండి.

క్లచ్ ప్లేటు అరిగే కొద్దీ ఈ ప్లే తగ్గిపోతుంది, పెడల్ పైన పట్టుకుంటుంది. కేబుల్ సాగితే ప్లే పెరుగుతుంది, కింద పట్టుకుంటుంది. గేరు పడేటప్పుడు గరగర శబ్దం కూడా వస్తుంది.

ఇంజిన్ చల్లారాక, సమతలంగా ఉన్న చోట బండి ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు రాళ్లు పెట్టండి. ఉత్త జాకీ మీద నిలబెట్టిన బండి కిందకి మాత్రం దూరకండి. కేబుల్ చివర మరలున్న దగ్గర లాక్ నట్టు వదులు చేసి, అడ్జస్టింగ్ నట్టు ఒక్క చుట్టు తిప్పి, పెడల్ దగ్గర మళ్లీ కొలవండి. కుదిరాక లాక్ నట్టు గట్టిగా బిగించండి.

పెడల్ ఇంకొంచెం షార్ప్‌గా ఉంటుందని ప్లే మొత్తం తీసేసి బిగించకండి. అప్పుడు రిలీజ్ బేరింగ్ ఎప్పుడూ ఒరుసుకుంటూనే తిరుగుతుంది. క్లచ్ పూర్తిగా పట్టదు, లోడు మీద ఘాట్ ఎక్కేటప్పుడు ప్లేటు కాలిన వాసన వస్తుంది. ఆ వాసన వచ్చిందంటే గేర్‌బాక్స్ దింపాల్సి రావచ్చు. బండి షెడ్డులో, కిరాయి పక్క బండికి!

హైడ్రాలిక్ క్లచ్ అయితే కేబుల్ ఉండదు, చిన్న ఆయిల్ డబ్బా ఉంటుంది. అందులో పెడల్ మెత్తగా కిందికి వెళ్తోందంటే గాలి చేరిందో, ఆయిల్ లీక్ అవుతోందో చూడాలి. రాడ్డు తిప్పి దాన్ని కప్పిపుచ్చకండి.

మరి బరువు సంగతి? నట్టు ఎంత తిప్పినా బరువు తగ్గదు. కేబుల్‌ని ఫోర్క్ దగ్గర విప్పి, పెడల్‌ని చేత్తో నొక్కండి. అప్పుడూ బిగుతుగానే ఉంటే కేబుల్ లోపల తెగుతోంది, లేదా పెడల్ బుష్ ఎండిపోయింది. సులువుగా ఆడితే జబ్బు లోపల ఉన్నట్టు: ఫోర్క్, బేరింగ్, ప్రెషర్ ప్లేటు. అది మెకానిక్ పని.

చివరగా ఒక టెస్ట్. ముందు ఖాళీ జాగా ఉండాలి. హ్యాండ్ బ్రేక్ వేసి, బ్రేకు తొక్కిపట్టి, మూడో గేరులో క్లచ్ మెల్లగా వదలండి. ఇంజిన్ ఆగిపోతే క్లచ్ పడుతోంది. ఆగకుండా తిరుగుతుంటే జారుతోంది. ఒక్కసారే చేయండి, పదే పదే చేస్తే ప్లేటు వేడెక్కుతుంది.

ఇంకోటి, నడిపేటప్పుడు పెడల్ మీద కాలు ఆనించి ఉంచకండి. మీరు చేసిన అడ్జస్ట్‌మెంట్ అంతా ఆ ఒక్క అలవాటుతో వేస్ట్ అయిపోతుంది. స్కేలు పట్టుకుని ఈ ఆదివారమే కొలిచి చూడండి. ఉంటా మరి, మళ్లీ కలుద్దాం.