మారికుప్పం బండికి ఓ చిన్న కెమెరా



బంగారుపేట దాటాక కోరమండల్, ఊరుగాం, ఛాంపియన్, ఆఖరున మారికుప్పం. ఈ పట్టాలు 1894లో కోలారు బంగారు గనుల కోసం వేశారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. బండి మాత్రం పొద్దున్నే బెంగళూరు పనులకు పోయే జనంతో కిక్కిరిసి నడుస్తూనే ఉంది. అందరూ అటు పోతుంటే ఇటు వచ్చేవాళ్ళూ కొందరుంటారు, పిట్టల్ని చూడ్డానికి. ఆ ప్రయాణానికి జేబులో పట్టే జూమ్ కెమెరా ఏది కొనాలన్నదే ఇవాళ్టి ముచ్చట.

దుకాణంలో మొదట వినపడేది ‘నలభై రెట్ల జూమండీ’ అన్న మాట. అబద్ధం కాదు. కెనాన్ ఎస్‌ఎక్స్ 740 నిజంగానే 24 నుంచి 960 మిల్లీమీటర్ల దాకా సాగుతుంది, బరువు 300 గ్రాములు కూడా లేదు. కానీ పూర్తిగా సాగాక దాని కటకం ద్వారం ఎఫ్ 6.9కి ఇరుకైపోతుంది. లోపలి సెన్సారేమో చిటికెన వేలి గోరంత. వెలుగు చాలక కెమెరా ఐఎస్ఓ, అంటే వెలుగుకు స్పందించే సున్నితత్వం, పెంచుకుంటుంది, రెక్కల మీది గీతలన్నీ అలికేసినట్టు వస్తాయి. సోనీ ఆర్‌ఎక్స్ 10 నాలుగో రకం 600 దగ్గరే ఆగిపోతుంది. అయితే అక్కడ కూడా ఎఫ్ 4 ఉంటుంది, సెన్సారు వైశాల్యం నాలుగు రెట్లు. అందిన వెలుగు మొత్తం లెక్క కడితే తేడా పది రెట్ల పైమాటే. కాకపోతే కిలో దాటిన బరువు, లక్ష దాటిన ధర. దాన్ని జేబు కెమెరా అనడానికి నాకు నోరు రాదు.

కోలారు కొండల మీద ఈ లెక్క ఎందుకు ముఖ్యమో అంతరగంగకు వెళితే తెలుస్తుంది. అక్కడి బండరాళ్ళ సందుల్లో పసుపు గొంతు పిగిలిపిట్ట ఉంటుంది. పక్షి శాస్త్రవేత్త జెర్డన్ 1845లో శాస్త్రలోకానికి పరిచయం చేసిన పక్షి. దక్షిణ భారతంలోని రాతిగుట్టల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. మహా బిడియస్థురాలు. ఎండలోకి వచ్చి కూర్చోదు, పొదల నీడలో కొమ్మల వెనక మెదులుతుంది. మీ కెమెరా ముందున్న పుల్లను పట్టుకుని పిట్టను వదిలేస్తే వెయ్యి మిల్లీమీటర్లున్నా వృథా. అందుకే ఫోకస్ చుక్కను బాగా చిన్నది చేసుకునే వీలుందో లేదో కొనేముందే చూడండి.

మారికుప్పం చుట్టూ పని తేలికే. 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు తెచ్చుకున్న గనుల ఊరు, తీగలకు కొదవా? పాలపిట్ట తీగ మీద తీరిగ్గా కూర్చుంటుంది. గనులకు నీళ్ళిచ్చిన బేతమంగళం చెరువు దగ్గర నీటికాకులు, కొంగలు, లకుముకిపిట్టలు. చిక్కల్లా పొద్దెక్కాకే. గనులు వదిలిన సైనైడ్ దిబ్బల పక్కన చెట్టూచేమా తక్కువ. నేల కాగి గాలి అలలుగా లేస్తుంది, దూరాన ఉన్న పిట్ట నీళ్ళలో నీడలా వణుకుతుంది. ఆ వేళ ఏ జూమూ అక్కరకు రాదు, నాలుగడుగులు దగ్గరికి నడవాల్సిందే.

ఆ ఎండలోనే కెమెరా వెనక తెర కనపడదు. కంటికి ఆనించుకుని చూసే వ్యూఫైండర్ లేని కెమెరాను పిట్టల కోసం కొనొద్దని నేను గట్టిగానే చెబుతాను. నొసటికి ఆనితే చెయ్యి కూడా కుదురుగా ఉంటుంది. కెనాన్‌లో లేని ఈ సౌకర్యం సోనీ హెచ్‌ఎక్స్ 99లో, పానాసోనిక్ టీజెడ్ 95లో ఉంది. రెండూ 720 దాకా సాగుతాయి, జేబులోనే పడతాయి. సంచీ మొయ్యడానికి సిద్ధమైతే నికాన్ పీ 950 చూడండి. కిలో బరువు, 2000 మిల్లీమీటర్లు. అంత దూరం సాగినప్పుడు పిట్ట చట్రంలోంచి తప్పిపోతుంది కదా, దానికో మీట పెట్టారు. నొక్కి పట్టుకుంటే చూపు వెడల్పవుతుంది, వదిలితే మళ్ళీ దగ్గరికి వెళ్ళిపోతుంది. తయారుచేసినవాళ్ళలో పిట్టల పిచ్చివాడెవడో ఉండి ఉంటాడు.

ఇక దుమ్ము. దిబ్బల్లో ఉన్నది రాయిని పిండి చేసి బంగారం తీసుకోగా మిగిలిన పొడి, గాలి వీస్తే ఊరంతా దానిదే. జూమ్ గొట్టం ముందుకీ వెనక్కీ జరిగినప్పుడల్లా కాస్త లోపలికి పీల్చుకుంటుంది. పెద్ద కెమెరాల్లోలాగా కటకం ఊడదీసి తుడుచుకునే దారి వీటికి లేదు. గాలి రోజుల్లో సంచీలోంచి తియ్యకపోవడమే మందు. పాతది కొంటున్నవాళ్ళు మరీ జాగ్రత్త. ఎఫ్ 8 పెట్టి, జూమ్ చివరిదాకా సాగదీసి, ఖాళీ ఆకాశాన్ని ఒక ఫొటో తీయండి. అందులో నల్లచుక్కలు కనపడితే బేరం ఆపేసి ఇంకోటి చూపించమనండి.