కో ఫంగాన్‌లో పున్నమి రాత్రి

థాయిలాండ్‌లోని కో ఫంగాన్ దీవిలో, హాద్ రిన్ తీరాన, పున్నమికి వేలాది మంది చేరి తెల్లవార్లూ చిందులేస్తారు. 1980ల్లో కొద్దిమంది యాత్రికులతో మొదలైన వేడుక ఇది. ఆ పున్నమి బౌద్ధుల పర్వదినమైతే తేదీ మారుస్తారు. ఆ మర్యాద నాకెంతో నచ్చుతుంది. దీవిలో విమానాశ్రయం లేదు, కో సమూయి నుంచో సూరత్ థాని నుంచో పడవెక్కాలి. ఇసుకలో గాజుపెంకులుంటాయి, చెప్పులు విప్పకండి. అక్కడ మద్యం చిన్న బకెట్లలో కలిపి అమ్ముతారు, ఎంత తాగామో తెలియదు; ఆ మత్తులో సముద్రంలోకి దిగితే ప్రాణాలకే ముప్పు. నిప్పంటించిన తాడు మీద గెంతే ఆటలో ఎందరికో కాళ్లు కాలాయి. మాదకద్రవ్యాల విషయంలో థాయి చట్టం చాలా కఠినం. ఎవరిచ్చినా ముట్టకండి. వెళ్తే తోడుతో వెళ్లండి, ఆ తోడుతోనే గదికి చేరండి.