తులసిదళం: చదివి భయపడ్డాక

ఈసారి యండమూరి వీరేంద్రనాథ్ గారి 'తులసిదళం'. ఆంధ్రభూమి వీక్లీలో సీరియల్‌గా వచ్చి, వారం వారం జనాన్ని వణికించిన నవల.

నన్నయితే మంత్రగాడికన్నా ఆ తండ్రి నిస్సహాయతే ఎక్కువ భయపెట్టింది. కళ్లముందే పాప నరకం పడుతోంది. చేతబడి అని ఒకరంటారు, జబ్బు అని డాక్టర్లంటారు. ఏది నిజమో తేలక మనం పేజీలు తిప్పేస్తూ ఉంటాం. హారర్‌కి ఆ సందేహమే ప్రాణం.

కానీ పుస్తకం మూశాక ఆ సందేహం పక్కింటివాళ్ల మీదకి పోతే? బాణామతి చేశారన్న అనుమానంతో తెలంగాణ పల్లెల్లో మనుషుల పళ్లు రాలగొట్టారు, కొట్టి చంపారు కూడా. అక్కడ దెయ్యం లేదండీ, ఉన్నదల్లా అనుమానమే. నాకు అసలు భయం అదీ.

మీరు ఏ నవలకి భయపడ్డారో కామెంట్లో చెప్పండి. ఉంటాను.