పడవలో నున్న అక్షరము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



రజతోత్సవ సభలలో మహాగ్రంథములను గూర్చి ముచ్చటించుట వాడుక. అయినను మహాగ్రంథము నందుకొను చేయి ముందుగా నొక చిన్న అక్షరమును పట్టుకొనవలెను. ఆ తొలి అక్షరమే భయపెట్టినచో బిడ్డ బడికి దూరమగును. వల పట్టిన చేయి మరల పలక పట్టుట అరుదు. వేకువనే సరస్సునకు పోవు తలిదండ్రులకు బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని అక్షరములు దిద్దించు తీరిక యుండదు. కావున అక్షరము ఆటలోనే దొరకవలెను. అది యెట్లో తెలియుటకు ‘ప’ యను అక్షరమొక్కటి చాలును.

మొదట చెవి. పులికాటు సరస్సు చెంత పెరిగిన బిడ్డకు పడవ తెలియును, పీత తెలియును, పక్షి తెలియును. వీని మొదటి ధ్వని యొక్కటే యని గుర్తింపజేయుట తొలి మెట్టు. పెద్దలు పదములు చెప్పుచుండగా ‘ప’కారముతో మొదలగు పదము వినబడినంతనే పిల్లలు చప్పట్లు చరచవలెను. ‘పీత’ యన్నచో చప్పట్లు, ‘రొయ్య’ యన్నచో మౌనము. తప్పిన బిడ్డను గేలి చేయరాదు; తరువాతి పదము చెప్పు వంతు ఆ బిడ్డకే ఈయవలెను.

తడ సరిహద్దు గ్రామము. ఇచ్చట తెలుగుతోపాటు తమిళమును వినుచు పెరుగు బిడ్డలు గలరు. తమిళ లిపిలో ప, బ ధ్వనులు రెంటికిని ఒకటే అక్షరము. ఆ యింటి బిడ్డ తెలుగున ఈ రెంటి నడుమ తడబడినచో మందబుద్ధి యని తలపరాదు. ఆ బిడ్డ రెండు భాషల బరువును మోయుచున్నది. అట్టివారికి వేరొక ఆట గలదు. ‘పడి’ యన్నచో పిల్లలందరు చతికిలబడవలెను. ‘బడి’ యన్నచో లేచి నడువవలెను. నవ్వుచు నవ్వుచునే చెవి తీరును.

తరువాత చేయి. ఇసుకలో వ్రేలితో దిద్దుట ఈ దేశపు వీధిబడుల పాత పద్ధతి. 1789లో మదరాసు అనాథ బాలుర శరణాలయమునకు పర్యవేక్షకుడైన ఆండ్రూ బెల్ దేశీయ బడిలో పిల్లలు ఇసుకపై వ్రాయుట చూచి, తన శరణాలయమున ప్రవేశపెట్టి, 1797లో లండనులో ఆ విధానమును గూర్చి గ్రంథము ప్రకటించెను. 1907లో రోము నగరమున శిశు విద్యాలయము నెలకొల్పిన మరియా మాంటిసోరి గరుకు కాగితముతో అక్షరములను కత్తిరించి, వ్రేలితో తడవుచు ధ్వని పలుకుట నేర్పెను. ఆమెయే 1939లో మదరాసు అడయారునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ మొసగెను. ఈ రెండు పద్ధతులకును మూలము స్పర్శయే. తడ తీరమున ఇసుకకు కొదువ లేదు. పళ్ళెమున పలుచగా పరచిన చాలును.

ఆకారము నేర్పునపుడు పడవనే చూపవలెను. ‘ప’ పైన తెరచియున్న పడవ. దానికి అంటక విడిగా నిలిచిన తలకట్టు తెరచాప. ‘వ’లో తలకట్టు విడిగా నుండదు, అక్షరమునకు అంటియుండును. ‘పడవ’ యను మాటలో మొదటి అక్షరము ‘ప’, చివరి యక్షరము ‘వ’. రెంటిని పక్కపక్కన గవ్వలతోనో చింతగింజలతోనో పేర్పించినచో భేదము కంటికే కాక చేతికిని తెలియును. పేర్చిన గింజలను లెక్కింపజేసినచో గణితమును తోడగును.

ఆపైన గుణింతము. పడవ, పాలు, పిల్లి, పీత, పులి, పూలు, పెరుగు, పేడ, పైరు, పొగ, పోగు, పౌర్ణమి. వంటింటినుండి ఆకాశమువరకు ఉన్నవాని పేర్లు ఒక్క అక్షరపు గుణింతమున ఒదిగినవి. ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క మాట ఇచ్చి, వరుసగా నిలువబెట్టి పలికించినచో గుణింతము కంఠస్థము చేయవలసిన బరువు కాక పిల్లల వరుసయే యగును. అయితే దినమునకు పావుగంటకు మించరాదు. పిల్లలు ‘ఇంకను’ అని కోరుచుండగనే ఆట నిలుపుట మేలు.

పడవకును పుస్తకమునకును మొదటి అక్షరము ఒక్కటే. ఆ రెంటిని నిజముగనే కలిపినవారు ఆంధ్రదేశమున గలరు. 1935లో పాతూరి నాగభూషణముగారు గుంటూరు మండలమున పెదవడ్లపూడి, కొల్లిపరల నడుమ కాలువపై పడవ గ్రంథాలయము నడిపిరి. చదువరి పుస్తకముకడకు రాలేనిచో పుస్తకమే చదువరికడకు పోవలెనని వారి భావము.

ఇరువది యైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయమునకు ఆ బాటయే తగును. సాయంకాలము అరుగుపై ఒక ఇసుక పళ్ళెము, ఒక గిన్నెడు గవ్వలు, కథ చెప్పగల ఒక పెద్ద చాలును. వారమున కొక్క అక్షరము నేర్చినను ఏడాది తిరుగునప్పటికి బిడ్డ తన పేరు తాను వ్రాసికొనును. ఇసుకలో ‘ప’ దిద్దిన ఆ వ్రేలే యొకనాడు ఇచ్చటి బీరువాలోని పుస్తకమును తీయును. స్వర్ణోత్సవమునాటికి ఈ గ్రంథాలయమునకు కావలసిన చదువరులు నేడు తల్లుల ఒడిలో కూర్చున్న ఈ బిడ్డలే.