పిస్టను మీది అంకెలు చదువుదాం



మన చేవెళ్ల, మొయినాబాదు ఊళ్లలో కూరగాయలు, పూలు పండుతాయి. తెల్లారకముందే అవి బండెక్కి హైదరాబాదుకు పోవాలి. బండి ఆగితే టమాట మెత్తబడుతుంది, పువ్వు వాడిపోతుంది. బండి మీది కిస్తీ మాత్రం ఆగదు. అందుకే ఇయ్యాల ఇంజను సంగతి మాట్లాడుకుందాం. ఇది మగవాళ్ల పని అనుకోకండి. కిస్తీ కట్టేది మనమూ.

సైకిలుకు గాలి కొట్టే పంపు చూశారు కదా. లోపల తోలు వాచరు పైకీ కిందికీ ఆడుతుంది. ఇంజనులో అట్లా ఆడేదే పిస్టను. అది ఆడే గొట్టం బోరు. వాచరు అరిగితే పంపులో గాలి నిలవదు. పిస్టను చుట్టూ ఉండే రింగులు, బోరు అరిగినా అంతే. బండి బలం తగ్గుతుంది. ఆయిలు కాలి నీలి పొగ వస్తుంది.

ఇప్పటి డీజిలు బండ్లకు చాలావాటికి టర్బో ఉంటుంది. ఇంజను వదిలే పొగ బలంతో ఒక చిన్న చక్రం తిరుగుతుంది. అది ఇంజనులోకి ఎక్కువ గాలిని నెడుతుంది. ఎక్కువ డీజిలు కాలుతుంది. బలం పెరుగుతుంది, వేడీ పెరుగుతుంది. 1905లోనే స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బూషి ఈ ఉపాయానికి పేటెంటు తీసుకున్నాడు.

టర్బో చెడినా నీలి పొగ వస్తుంది. కాబట్టి ఇంజను విప్పకముందే టర్బోను చూడమనండి. విప్పక తప్పకపోతే నాలుగు మాటలు గుర్తుంచుకోండి.

ఒకటి, కొలత. బోరును పైన, నడుమ, కింద కొలవాలి. కొలిచాకే పిస్టను కొనాలి. పిస్టను తల మీద 0.50 అని ఉంటే, అది అసలు కొలత కన్నా అర మిల్లీమీటరు పెద్దది. లేతు షాపులో బోరును దానికి తగ్గట్టు పెద్దది చేస్తారు. ఎక్కువ కోస్తే మళ్లీ తగ్గించలేరు.

రెండు, రకం. టర్బో ఇంజనుకు టర్బో పిస్టనే వేయాలి. చూపుకు ఒకే తీరుగా ఉన్నా మామూలుది వద్దు. చాలా టర్బో పిస్టన్లలో ఆయిలు తిరిగే దారి ఉంటుంది. కింది నుంచి సన్న గొట్టం ఆయిలు చిమ్మి చల్లబరుస్తుంది. ఆ గొట్టం మూసుకుపోతే కొత్త పిస్టనూ పాడవుతుంది. ఇంజను నంబరు చూపించి కొనండి.

మూడు, సందు. కమ్మరి ఇనుప పట్టాను కాల్చి బండి చక్రానికి ఎక్కిస్తాడు. వేడికి పట్టా పెరుగుతుంది. పిస్టను అల్యూమినియందైతే బోరు ఇనుము కన్నా ఎక్కువ పెరుగుతుంది. సందు చాలకపోతే పట్టేస్తుంది. ఎక్కువైతే చప్పుడు చేస్తుంది. కంపెనీ పుస్తకంలో ఉన్నంతే ఉండాలి. రింగు కొసల మధ్య సందు కూడా కొలవాలి.

నాలుగు, బిగింపు. పిస్టను మీది బాణం గుర్తు సాధారణంగా ఇంజను ముందు వైపుకు ఉండాలి. రింగుల సందులు ఒకే వరుసలో రావద్దు.

పాత పిస్టను అడిగి చూడండి. దాని తల కరిగితే ఇంజెక్టరును పరీక్ష చేయించండి. కారణం దొరకకుండా కొత్తది వేస్తే అదీ కాలుతుంది. బోరు కొలత, పిస్టను కొలత, సందు రసీదు మీద రాయించుకోండి.

పలక మీద నేర్చిన అంకెలే పిస్టను మీదా ఉంటాయి. పైసలు ఇచ్చే ముందు వాటిని చదవండి.