జమ్ము, లకుముకి: ఒకే చెరువు బిడ్డలు



చలికాలం వస్తే పులికాట్‌కీ, నేలపట్టుకీ ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. వలస పక్షులను చూసి ఫొటోలు తీసుకుని పోతారు. మన చెరువులో ఏడాదంతా ఉండే జమ్ముగడ్డినీ, లకుముకి పిట్టనీ పలకరించేవాళ్లు తక్కువ. అందుకే ఈ రోజు ఆ రెండింటి గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

జమ్ము ఉన్నచోటు వదలదు. ఎండాకాలం పైన ఆకు ఎండినా, బురదలో దుంప బతికే ఉంటుంది. వానలు పడగానే చిగురిస్తుంది. ఎప్పుడూ గుంపుగానే పెరుగుతుంది.

నలుపు తెలుపు లకుముకి అలా కాదు. గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలిచి, చేపను గురిచూసి తలకిందులుగా దూకుతుంది. గురి తప్పితే మళ్లీ పైకి లేస్తుంది. ఎంత తిరిగినా, పిల్లల్ని పెంచేది మాత్రం గట్టు మట్టిలో ముక్కుతో తవ్వుకున్న బొరియలోనే.

మన యానాదుల్లోనూ ఊరు పట్టుకుని ఉన్నవాళ్లున్నారు, చదువుకీ పనికీ నెల్లూరు, చెన్నై పోయినవాళ్లున్నారు. వీళ్లను వాళ్లు చిన్నచూపు చూడటం, వాళ్లమీద వీళ్లు నిష్ఠూరాలాడటం వింటూనే ఉన్నాం.

ఒకసారి చెరువును చూడండి. జమ్మును కోయకపోతే నీళ్లను కమ్మేస్తుంది, పిట్టకు చేప కనబడదు. మొత్తం పీకేస్తే చేపపిల్లలకు దాక్కునే చోటు ఉండదు, అప్పుడూ పిట్టకు పస్తే. మన పెద్దలు గుడిసె కప్పుకు కావలసినంత కోసి, మిగతాది ఉంచేవాళ్లు. ఇంటికి కప్పు దొరికేది, పిట్టకు తేటనీళ్లు మిగిలేవి.

చెరువు పూడ్చేస్తే జమ్మూ ఉండదు, లకుముకీ రాదు. గట్టంతా సిమెంటు వేస్తే గూటికి చోటుండదు. చోటు పోవడమంటే ఏమిటో శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం కట్టినప్పుడు మన పెద్దలు అనుభవించారు.

కాబట్టి ఊళ్లో ఉన్నవాళ్లం చెరువు హద్దులు, గడ్డి పేర్లు, చేపల పేర్లు అవ్వాతాతల్ని అడిగి రాసిపెడదాం. బయట చదివినవాళ్లం సర్వే నంబర్లు, కాగితాలు తీసి గ్రామసభకు వద్దాం. ఒకరి దగ్గర ఆ చోటు తెలివి ఉంది, మరొకరి దగ్గర కాగితం తెలివి ఉంది. రెండూ కలిస్తేనే మన చెరువు మనకు మిగులుతుంది.