చిన్న వర్తకము – కానరాని దొంగలు



బోధను శక్కరునగరమున నిజాం చక్కెర కర్మాగారము నడచిన దినములు మీలో పెక్కురకు జ్ఞప్తియందుండును. 1937లో ఆరంభమైన ఆ కర్మాగారము 2015లో మూతపడినది. అచ్చటికి చెఱకు తెచ్చిన బండివాడు చెప్పిన బరువునకు ఎవ్వరును సొమ్ము కట్టలేదు. కర్మాగారపు కాటాపై తూగినదే లెక్క. ఈనాటి దుకాణమునకును ఆ నియమమే వలయును.

2016లో యూపీఐ చెల్లింపులు ఆరంభమైనవి. ఇప్పుడు నిజామాబాదు బజారులందే కాక పల్లెలలోని టీ కొట్లయందును క్యూఆర్ ఫలకము వ్రేలాడుచున్నది. కుమారుడు సరకునకై పట్టణము పోయినప్పుడు గల్లాపెట్టె కడ కూర్చుండువారు తరచుగా మీవంటి పెద్దలే. కావుననే ఈ మాటలు మీతో చెప్పుచున్నాను.

కొనువాడు తన ఫోను చూపి, “పైసలు పడినవి” అనును. ఆ ఆకుపచ్చ గుర్తు వాని కాటా. అట్టి బొమ్మను కల్పించు దొంగ యాపులు కలవు. సొమ్ము జమయైనదని మీ ఫోను గాని, మీ దుకాణపు సౌండుబాక్సు గాని చెప్పవలెను. మొత్తము పెద్దదైనచో ఖాతా తెరచి చూచుటయే మేలు. ఉదయము దుకాణము తెరవగనే ఆ ఫలకమును వ్రేలితో తడిమి చూడుడు. దానిపై వేరొకని గుర్తు అంటించిపోవు ఘనులును కలరు.

ఇంతకన్న చతురమైన మోసము దేశమున పెక్కుచోట్ల జరిగినది. ఒకడు సైనికాధికారినని ఫోను చేయును. గంభీరముగా హిందీలో మాటాడి, గుర్తింపు పత్రపు ఛాయను పంపును. శిబిరమునకు ఇన్ని బస్తాల బియ్యము కావలెననును. బేరమే ఆడడు, మన ప్రాంతమున బేరమాడని కొనుగోలుదారుని అప్పుడే అనుమానింపవలసినది! పిమ్మట, “సైన్యపు పద్ధతి వేరు, నేను పంపిన గుర్తును స్కాను చేసి మీ పిన్ను నొక్కుడు, సొమ్ము మీకు వచ్చును” అనును. నమ్మించుటకై మొదట కొద్ది సొమ్ము నిజముగనే పంపును. తరువాత పోవునది మీ సొమ్ము. యూపీఐ పిన్ను సొమ్ము ఇచ్చుటకే గాని పుచ్చుకొనుటకు కాదు. పుచ్చుకొనువాడు ఏమియు నొక్కనక్కఱలేదు.

పసుపు వర్తకులకు మఱియొక గండము కలదు. ఎప్పటి బేరగాని పేరుననే, “మా బ్యాంకు ఖాతా మారినది, ఈసారి దీనికి పంపుడు” అని సందేశము వచ్చును. గొంతును సైతము అనుకరించు యంత్రములు వచ్చినవి గాన, వచ్చిన ఫోనును బట్టి నమ్మరాదు. మీ చిట్టాలోని పాత నంబరునకు మీరే ఫోను చేసి అడుగవలెను. పెండ్లిపత్రిక యనియు, పోలీసు చలానా యనియు వాట్సాపున వచ్చు “ఏపీకే” అను తోకగల ఫైలును ముట్టనే ముట్టకుడు. అది ఫోనులో దూరి, బ్యాంకువారు పంపు ఓటీపీలను దొంగకు చేరవేయగలదు.

సొమ్ము పోయిన పిదప, “నలుగురిలో నవ్వులపాలగుదుము” అని దాచు అలవాటు మన పెద్ద కుటుంబములలో ఎక్కువ. దొంగకు కావలసినదియు ఆ ఆలస్యమే. వెంటనే 1930 నంబరునకు ఫోను చేసినచో, ఆ సమాచారము బ్యాంకులకు చేరి, దొంగ ఖాతాలో ఇంకను మిగిలియున్న సొమ్మును నిలిపివేయు అవకాశముండును. వాడు దానిని పలు ఖాతాలకు మార్చి బయటికి తీసినచో పట్టుట కష్టము. ఫోను చేయునప్పుడు చెల్లింపు వివరములలోని పండ్రెండు అంకెల యూటీఆర్ సంఖ్యను, సొమ్ము పోయిన వేళను సిద్ధముగా నుంచుకొనుడు. మీ బ్యాంకునకును ఆ పూటనే తెలియజేయుడు. 1930 అను అంకెలను గల్లాపెట్టె మూతపై నేడే పెద్దగా వ్రాయించుడు. ఆ కంగారులో ఎవరికిని నంబరు జ్ఞప్తికి రాదు.